వాల్ మిక్సర్ పాయింట్లు వంకరగా వచ్చాయి, టైల్స్ పని సగంలో ఉంది: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది విశాఖ మధురవాడ, అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో రెండో ఫ్లోరు. పాత బాత్‌రూమ్ మొత్తం పగలగొట్టించి కొత్తగా చేయిస్తున్నాం. ప్లంబర్ సీపీవీసీ పైపులు వేసి, గాడి పూడ్చి వెళ్ళిపోయాడు. టైల్స్ మేస్త్రి కింద రెండు వరసలు అంటించి మూడో వరసకి వచ్చాక చూస్తే వాల్ మిక్సర్ (వేడినీళ్ళు, చల్లనీళ్ళు కలిపే కుళాయి) పాయింట్లు తేడాగా ఉన్నాయి. రెండిటి మధ్య 168 మిల్లీమీటర్లు వచ్చింది. వేడినీళ్ళ పాయింటు 8 మిల్లీమీటర్లు పైకి ఉంది, గోడలోకి బాగా దిగిపోయింది, మూతి కాస్త కిందికి చూస్తోంది. గీజర్ పాయింట్లు కూడా ఒక మట్టంలో లేవు. మేస్త్రి "ఏటవ్వదు సార్, ఫ్లాంజ్ కప్పేస్తాది" అంటున్నాడు (ఫ్లాంజ్ అంటే కుళాయి మొదట్లో గోడ కంతని కప్పే గుండ్రటి బిళ్ళ). ప్లంబర్ గ్యాస్ టార్చితో పైపు వేడిచేసి లాగేస్తానంటున్నాడు. ఇంగ్లండ్‌లో ఉండే మా బావమరిది, వాళ్ళ బాత్‌రూమ్‌కి టైల్స్ వేస్తుంటే రేడియేటర్ పైపులు ఇలాగే పక్కకి వచ్చాయనీ, అక్కడి ప్లంబర్ వంచి సరిచేశాడనీ వీడియో కూడా పంపాడు. మనం కూడా అలా చేయొచ్చా? రెండో బాత్‌రూమ్ ఇంకా మొదలుపెట్టలేదు.

సమాధానం:

మాస్టారూ, ముందు ఆ గోడ మీద పని ఆపించండి. మేస్త్రిని ఖాళీగా కూర్చోబెట్టక్కర్లేదు, ఎదుటి గోడో తలుపు పక్క గోడో ఎత్తుకోమనండి, రోజు కూలీ దండగవుతుందన్న టెన్షన్ మీకూ ఉండదు ఆయనకీ ఉండదు. మూడో వరస ఇంకా పడలేదు కాబట్టి మీకు ఇది మహా అయితే ఒకటిన్నర రోజు పని. ఆ టైల్ అంటించేశాక అదే పని రెండు మూడు రెట్లవుతుంది.

ఇక వీడియో సంగతి. అక్కడ రేడియేటర్‌కి వచ్చేది మామూలుగా 15 మిల్లీమీటర్ల రాగి పైపు. రాగిని లోపల స్ప్రింగు పెట్టి చల్లగానే వంచొచ్చు, వంచాక కూడా దాని బలం దానికుంటుంది, కాబట్టి మీ బావమరిది ఇంట్లో ఆ ప్లంబర్ చేసింది సబబే. మీ గోడలో ఉన్నది సీపీవీసీ. అది 93 డిగ్రీల వరకు వేడినీళ్ళు తట్టుకునేలా చేసిన ప్లాస్టిక్, 110 దాటాక మెత్తబడటం మొదలవుతుంది. గ్యాస్ టార్చి మంట దాని మీద పెడితే ఎక్కడ ఎంత వేడి తగిలిందో కొట్టే మనిషికే తెలియదు. వంగిన చోట బయటి వైపు గోడ పల్చబడుతుంది, లోపలి వైపు ముడత పడుతుంది. పైగా చల్లారాక కూడా పైపు తన పాత దారిలోకి పోవాలని లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడంతా పడేది ఇత్తడి మూతి ఉన్న ఎల్బో (మలుపు ముక్క) జాయింటు మీద. దానికి తోడు గీజర్ వేసినప్పుడల్లా ఆ పైపు సాగుతుంది, ఆపినప్పుడల్లా ముడుచుకుంటుంది. మీటరు పైపు 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. నిటారుగా, ఒత్తిడి లేకుండా వేసిన పైపుకి అది లెక్కలోకి రాదు, లాగి కట్టినదానికి రోజూ అదే దెబ్బ. ఇవాళ టెస్టులో పాసయి, రెండు చలికాలాలు పోయాక కింద ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ మీద తడి మచ్చగా బయటపడే రకం లీకేజీ ఇది. అప్పుడు ఆ ప్లంబర్ ఫోన్ ఎత్తడు. కాబట్టి టార్చి వద్దే వద్దు. మొహమాటపడకుండా చెప్పేయండి.

ఇప్పుడు మేస్త్రి మాటకొద్దాం. ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు, అందుకే అది ప్రమాదం. పాయింట్లు ఎటు తప్పాయన్నదాన్ని బట్టి ఉంటుంది. పక్కకి గాని పైకీ కిందికీ గాని కొంచెం తప్పితే సర్దుకోవచ్చు. లోతు తప్పితే కొంతవరకు సర్దుకోవచ్చు. మూతి వంగితే మాత్రం సర్దుబాటు లేదు, తీసి పెట్టాల్సిందే. మీకు నాలుగూ తప్పాయి.

వాల్ మిక్సర్ రెండు మూతుల మధ్య 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు ఉంటుంది. దానితోపాటు డబ్బాలో రెండు లెగ్గులు వస్తాయి కదా, వాటిని చేత్తో పట్టుకుని చూడండి, గోడలోకి వెళ్ళే మర ఒక చోట, మిక్సర్‌కి పట్టే మర కాస్త పక్కకి జరిగి ఉంటాయి. ఆ జరిగినంత మేర లెగ్గుని తిప్పి మిక్సర్ మూతిని పైకి, కిందికి, పక్కకి తెచ్చుకోవచ్చు. మీ లెగ్గు జరుగుడు 10 మిల్లీమీటర్లు అనుకుందాం. ఎడమది, అంటే వేడినీళ్ళది, 4 కిందికి, కుడిది 4 పైకి తిప్పితే మీ 8 మిల్లీమీటర్ల ఎత్తు తేడా పోతుంది. అలా తిప్పాక ఒక్కో లెగ్గు లోపలికి తేగలిగేది 9 కి కాస్త పైన, రెండూ కలిపి 18 చిల్లర. మీకు కావాల్సింది 168 నుంచి 150 కి, అంటే సరిగ్గా 18. కాగితం మీద ఇరుకిరుగ్గా సరిపోయింది! మేస్త్రి ధైర్యం అదే. కానీ ఈ లెక్కంతా రెండు మూతులూ గోడకి నిలువుగా, ఒకే లోతులో ఉంటేనే నిలుస్తుంది. మూతి 5 డిగ్రీలు కిందికి వాలినా, లెగ్గు 60 మిల్లీమీటర్లు బయటికొచ్చేసరికి కొస 5 మిల్లీమీటర్లు దిగిపోతుంది. అప్పుడు మిక్సర్ నట్టు మర మీదికి సూటిగా కూర్చోదు. కూర్చోకపోతే మనవాళ్ళు ఏం చేస్తారో మీకు తెలుసు, పైపు రెంచి పెట్టి, లెగ్గుని పట్టుకుని, ఒక్క ఊపు ఊపి "వచ్చేసింది సార్" అంటారు. వచ్చింది నిజమే, గోడ లోపల ప్లాస్టిక్ ఎల్బోలో బిగించిన ఇత్తడి ముక్క కదిలిపోయి వచ్చింది. చాలా బాత్‌రూముల్లో మిక్సర్ వెనక తడి పుట్టేది ఆ ఊపు నుంచే.

అందుకని మీ విషయంలో లెగ్గుల సర్దుబాటు చివర్లో మిగిలే రెండు మూడు మిల్లీమీటర్ల కోసం దాచుకోండి, దాని మీద ఆధారపడకండి. పాయింట్లు రెండూ తీసి కొత్తగా పెట్టించండి. ఎడమది ఒక్కటే మారిస్తే చాలదా అని ప్లంబర్ అంటాడు. ఒకటి మార్చినా గోడ తవ్వాలి, రెండు మార్చినా అదే గోడ తవ్వాలి.

పని ఎలా జరగాలో చెప్తాను, మీరు పక్కన నిలబడి చూడండి. పాయింట్లకి పైన ఒక అడుగు మేర గాడి తెరవాలి. మీ పైపులు పైనుంచి దిగుతున్నాయి అనుకుంటున్నాను, మామూలుగా గీజర్ నుంచి అలాగే తెస్తారు, అదైతే కింద అంటించిన రెండు వరసల జోలికి వెళ్ళక్కర్లేదు. ఆ టైల్స్ మీద గోనెపట్టానో పాత దుప్పటో వేలాడదీయండి, ఉలి జారితే అంచు లేచిపోతుంది. గోడ ఫ్లైయాష్ ఇటుకదైతే, విశాఖలో ఈ మధ్య ఇళ్ళకి ఎక్కువగా అదే, ముందు గ్రైండర్‌తో రెండు గీతలు కోయించి ఆ తర్వాత ఉలి పెట్టించండి, ఊరికే సుత్తితో బాదితే ఇటుక సగానికి సగం రాలిపోయి గాడి గొయ్యి అవుతుంది. అది నాలుగున్నర అంగుళాల గోడైతే అడ్డంగా పొడవు గాడి కొట్టనివ్వకండి. కాలమ్ గాని బీమ్ గాని అడ్డొస్తే అక్కడితో ఆగాలి, ఊచ కోసేసి పైపు పంపుతానంటే ఒప్పుకోకండి.

పాత ఎల్బోలు మళ్ళీ పనికిరావు, సీపీవీసీ జాయింటు ఒకసారి అతికితే అంతే. పైపుని తిన్నగా ఉన్న చోట, కట్టర్ తిరగడానికీ కప్లింగ్ ఎక్కడానికీ చోటు ఉండేలా కోయాలి. కొత్తగా రెండు విడి ఎల్బోలు కాకుండా, రెండు ఇత్తడి మూతులూ 150 దూరంలో ఒకే ముక్కగా పోసిన వాల్ మిక్సర్ ఫిట్టింగు దొరుకుతుంది, అది తెమ్మనండి. గాజువాకలోనైనా డాబాగార్డెన్స్‌లోనైనా సీపీవీసీ సామాను అమ్మే షాపులో "మిక్సర్ ఫిట్టింగ్, సింగిల్ పీసు" అంటే ఇస్తారు. దానితో దూరం, ఎత్తు రెండూ ఒక్క దెబ్బకి సర్దుకుంటాయి, ఇక చూసుకోవాల్సింది మట్టం, లోతు. అది దొరక్కపోతే ప్లైవుడ్ ముక్కకి 150 దూరంలో రెండు కంతలు పెట్టి, వాటిలోంచి రెండు నిపుల్స్ (మరలున్న పొట్టి పైపు ముక్కలు) బిగించి, అలా కట్టేసిన ఎల్బోలని గోడలో కూర్చోబెట్టించండి. మిక్సర్ మీ దగ్గరే ఉంటే దాన్నే చేత్తో మెల్లగా బిగించి అచ్చులా వాడొచ్చు, కాకపోతే సిమెంటు మరకలు పడకుండా కవర్ చుట్టండి.

లోతు దగ్గరే అందరూ బోల్తా పడతారు. ప్లంబర్ ప్లాస్టరింగ్ చూసి పెడతాడు, దాని మీద ఎంత మందం ఎక్కుతుందో టైల్స్ మేస్త్రికి తెలుసు, ఇద్దరూ ఒకే రోజు సైట్లో ఉండరు. అరగంట కోసమైనా ఇద్దర్నీ ఒకేసారి రప్పించండి. మేస్త్రి చేత రెండు టైల్ ముక్కలు పాయింట్లకి అటూ ఇటూ, అసలు పనిలో వాడే మందంతోనే అంటింపించండి. టైల్ గమ్ముతో అయితే గమ్ము 3 నుంచి 6 మిల్లీమీటర్లు, టైల్ 8 లేదా 9, మాలుతో అయితే ఇంకా ఎక్కువ. ఆ రెండు ముక్కల మీద అల్యూమినియం పట్టీ అడ్డంగా పెడితే అదే మీ రేపటి గోడ. ఇత్తడి మూతి ఆ పట్టీకి సరిసమానంగా గాని ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి గాని ఉండాలి. బయటికి మాత్రం రాకూడదు. లోపలికి పోతే నిపుల్ వేసి తెచ్చుకోవచ్చు. బయటికొస్తే ఫ్లాంజ్ గోడకి ఆనదు, ఆ సందులోంచి స్నానం చేసిన నీళ్ళన్నీ లోపలికి పోతాయి.

ఆ తర్వాత రెండు మూతుల్లోనూ పొడవాటి డమ్మీలు (మూతి మూసే బిరడాలు) బిగించండి. పొట్టివి కాదు, జానెడు పొడవున్న ప్లాస్టిక్‌వి ఉంటాయి, లేదంటే అరంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపు ముక్కలైనా పర్లేదు. రెండిటి మీదా అడ్డంగా రసమట్టం పెట్టి బుడగ చూడండి. ఒక్కోదాని పక్కన మూలమట్టం ఆనించి గోడకి తిన్నగా వస్తోందా లేదా చూడండి, పక్కవైపు నుంచీ, పైనుంచీ రెండూ చూడాలి. మూతి వంగింది పొట్టి డమ్మీతో కంటికి ఆనదు, పొడుగు డమ్మీతో చిన్నపిల్లాడికైనా కనిపిస్తుంది. మీ ప్లంబర్ మొదట్లో పొట్టి డమ్మీలే వేసి ఉంటాడని నా అనుమానం. అంతా సరిగ్గా ఉందనుకున్నాక అప్పుడు మాలు గట్టిగా కూరి ఫిట్టింగు కదలకుండా పూడ్చాలి, పైపైన మెత్తి వదిలేస్తే మిక్సర్ బిగించేటప్పుడు మొత్తం తిరుగుతుంది. మాలు ఆరేదాకా డమ్మీలు తీయకూడదు, ఎవరూ వాటికి బకెట్ తగిలించకూడదు. నవ్వకండి, తగిలిస్తారు.

పైపులు అతికించే గమ్ము డబ్బా మీద ఎంతసేపు ఆరాలో రాసి ఉంటుంది, అది చదవరు, నేనైతే ఒక రాత్రి వదిలేయమంటాను. మర్నాడు టెస్టు. ట్యాంకు నీళ్ళు వదిలి "చూడండి సార్ చుక్క రాలేదు" అంటే సరిపోదు. మీది రెండో ఫ్లోరు, పైన ట్యాంకు దాకా పది పన్నెండు మీటర్లు వేసుకున్నా చదరపు సెంటీమీటరుకి ఒక కిలో చిల్లర ప్రెషర్. రేపెప్పుడో అసోసియేషన్ వాళ్ళు ప్రెషర్ పంపు పెడితే అప్పుడు బయటపడుతుంది. చేత్తో కొట్టే టెస్టింగ్ పంపు అద్దెకి తెప్పించి, వేడి లైనూ చల్ల లైనూ కలిపి ఆరు కిలోల దాకా ఎక్కించి, కనీసం గంటసేపు గేజ్ ముల్లు కదలకుండా ఉందా చూడండి. గీజర్ ఇప్పటికే బిగించి ఉంటే దాన్ని లైన్లోంచి తప్పించి ఆ పాయింట్లకి డమ్మీలు పెట్టాకే ఎక్కించండి. తవ్విన చోట వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ పోయుంటుంది కదా, మాలు ఆరాక అక్కడ మళ్ళీ రెండు కోట్లు, పాత కోటింగ్ మీదికి నాలుగంగుళాలు ఎక్కేలా కొట్టించండి. ఇది ఎవరూ గుర్తు చేయరు.

టైల్‌కి కంత పెట్టేటప్పుడు కూడా ఒక కన్నేయండి. అరంగుళం నిపుల్ మర బయటి కొలత 21 మిల్లీమీటర్లే. కంత 32 నుంచి 35 ఉంటే చాలు, డైమండ్ బిట్టుతో, నీళ్ళు పోస్తూ, గుండ్రంగా. మన మేస్త్రిలు గ్రైండర్‌తో నాలుగు పక్కలా కోసి చదరంగా తీసేస్తారు, 45 మిల్లీమీటర్ల చదరం కోశారనుకోండి, మూల నుంచి మూలకి దాదాపు 64 వస్తుంది. మీ ఫ్లాంజ్ 60 ఉంటే నాలుగు మూలలూ బయటికి కనిపిస్తాయి. "ఫ్లాంజ్ కప్పేస్తాది" అన్న మాట నిజం కావాలంటే ముందు ఆ ఫ్లాంజ్‌కి టేపు పెట్టి కొలవమనండి. కంతకీ నిపుల్‌కీ మధ్య సందులో తెల్ల సిమెంటు కాకుండా సిలికాన్ పెట్టించండి, ఆ తర్వాతే ఫ్లాంజ్ తొడగాలి. ఫ్లాంజ్, లెగ్గులు ఇత్తడివే తీసుకోండి. మన ఉప్పుగాలికి చవక లోహం మీద పూసిన మెరుపు ఎన్నాళ్ళో ఉండదు, బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలోకి వెళ్ళి కుళాయిలు చూస్తే తెలుస్తుంది.

గీజర్ పాయింట్ల గురించి అస్సలు బెంగపడకండి. వాటికి మిక్సర్‌లాగా కచ్చితమైన దూరం అక్కర్లేదు, గీజర్‌కీ గోడకీ మధ్య వచ్చేది వంగే కనెక్షన్ పైపే కాబట్టి రెండంగుళాలు తేడా ఉన్నా అది సర్దుకుంటుంది. పైపు మరీ పొట్టిది కొని లాగి బిగించకుండా, మరీ పొడుగుది కొని మడతపెట్టకుండా చూసుకుంటే చాలు. ఏది లోపలికి వెళ్ళే చల్లనీళ్ళ లైను, ఏది బయటికొచ్చే వేడినీళ్ళ లైను అన్నది మాత్రం గోడ మీద చాక్‌పీసుతో రాయించండి, మిక్సర్ దగ్గర వేడిది ఎడమ వైపు రావాలి. కంటికి బాగుండాలని గీజర్ పాయింట్లు కూడా తవ్విస్తానంటే డబ్బు మీది, నేను మాత్రం వద్దంటాను.

ఇదంతా చదివేవాళ్ళలో టైల్స్ కూడా అయిపోయి కూర్చున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళకో ముక్క. లోతు ఒక్కటే తేడా అయితే ఇత్తడి నిపుల్, దూరం కొద్దిగా తేడా అయితే లెగ్గులు, ఇంతవరకు టైల్ ముట్టుకోకుండా అయిపోతుంది. మూతి వంగి ఉంటే, టైల్ పగలగొట్టే ముందు ఆ గోడకి అవతల ఏముందో చూడండి. బెడ్‌రూమో, యుటిలిటీయో అయితే అవతలి నుంచి ప్లాస్టరింగ్ తవ్వి పాయింటు సరిచేసి, మళ్ళీ పూసి రంగేసుకోవడం చాలా తేలిక. టైల్ అయితే అదే బ్యాచ్‌ది మళ్ళీ దొరకాలి, షేడ్ కలవాలి, పక్క టైల్స్ కదలకూడదు.

డబ్బు ఎవరు పెట్టుకోవాలని మీరు అడగలేదు కానీ ఆ గొడవ రేపు ఎలాగూ వస్తుంది. పాయింట్లు పెట్టింది ప్లంబర్, కాబట్టి అతని కూలీ అతనిదే, ఫిట్టింగుల ఖర్చు మీరు పెట్టుకోండి, అదేమంత పెద్దది కాదు, ఆ మాత్రం ఇస్తే మనిషి మొహం మాడ్చకుండా పని చేస్తాడు. మేస్త్రికి తప్పేం లేదు, ఆగిన పూటకి కూలీ కోయకండి. ప్లంబర్‌కి ఫైనల్ సెటిల్మెంట్ మాత్రం టెస్టు అయ్యాకే.

రెండో బాత్‌రూమ్‌కి మిక్సర్ ముందే కొనేయండి, ప్లంబర్ గాడి కొట్టకముందే డబ్బాతో సహా అతని చేతిలో పెట్టండి. అందులో గోడలోపల పెట్టే డైవర్టర్ (నీళ్ళని కుళాయికీ షవర్‌కీ మళ్ళించేది) తీసుకుంటున్నట్టయితే దాని ప్లాస్టిక్ మూత మీద మిన్, మ్యాక్స్ అని రెండు గీతలుంటాయి, టైల్ పైముఖం ఆ రెండిటి మధ్యలోనే పడాలి, దానికి లెగ్గులూ ఉండవు, సర్దుబాటూ ఉండదు. పైపులు వేశాక, పూడ్చకముందు, టేపు ఆనించి గోడ మొత్తం ఫోటోలు తీసి ఫోన్‌లో ఉంచుకోండి, తర్వాత టవల్ రాడ్‌కి డ్రిల్లింగ్ చేసేటప్పుడు పైపు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.